ఒంటరి మగవాళ్ల ఇంగ్లీషు క్లాసు

ఛాంగ్వన్ ఫ్యాక్టరీల పేటలో, పంది ఎముకల సూప్ హోటలు పైన నా ఇంగ్లీషు క్లాసు ఉంది. పొద్దున్న ఆరున్నర బ్యాచికి వచ్చేవాళ్లంతా నలభై దాటిన మగవాళ్లు. అందరికీ పెళ్లాలున్నారు, పిల్లలున్నారు, కొందరికి ఇంట్లో అత్తగారు కూడా ఉంది. నా గది గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టగానే మాత్రం అందరూ ఒంటరివాళ్లైపోతారు.

"ఐ లివ్ అలోన్" అంటారు ముక్తకంఠంతో, కోర్టులో ప్రమాణం చేసినట్టు.

ఇది నా వెటకారం కాదు, నా సిలబస్. మా కొరియాలో చాలా కంపెనీల్లో ప్రమోషన్ కావాలంటే ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఒకటి గట్టెక్కాలి. కంప్యూటర్ తెర మీద ఒక అమ్మాయి బొమ్మ కూచుని ప్రశ్నలడుగుతుంది, మనం మైకులో జవాబు చెప్పాలి. దానికి ముందు మీరెవరు, ఏం చేస్తారు, ఎవరితో ఉంటారు అని టిక్కులు పెట్టమంటుంది. ఉద్యోగం ఉందని టిక్కు పెట్టారా, ఆఫీసులో వచ్చిన చిక్కుల గురించి చెప్పమంటుంది. కుటుంబం ఉందన్నారా, ఇంటిపనిలో మీ వంతు ఏమిటని అడుగుతుంది. ఆ ప్రశ్నకి మా మగవాళ్ల దగ్గర సొంత భాషలోనే జవాబు లేదు, ఇంక ఇంగ్లీషులో ఎక్కణ్నుంచి తెస్తారు. అందుకని ఏ కోచింగ్ సెంటర్‌కి వెళ్లినా ఒకటే పాట. ఉద్యోగం లేదు, చదువు లేదు, ఒంటరిగా ఉంటాను, పార్కులో నడుస్తాను, పాటలు వింటాను, సముద్రం చూడ్డానికి వెళతాను. ఆ తెర మీది పిల్ల లెక్కలో మా దేశం నిండా పనీపాటా లేకుండా పార్కుల చుట్టూ తిరిగే బ్రహ్మచారులే. పాపం, ఎప్పుడూ అనుమానపడలేదు.

వర్తమానం ఇచ్చినదాన్ని గతం ఇవ్వకుండా ఊరుకుంటానా. అదీ నేనే ఇస్తాను, అందరికీ ఒకటే. పోయిన వేసవిలో హేఉందే బీచికి ఒంటరిగా వెళ్లాను, పర్సు పోయింది, ఏడుపొచ్చింది, ముక్కూ మొహం తెలియని మనిషి ఒకాయన పర్సు తెచ్చి ఇచ్చాడు. ఇక్కడితో పాస్ట్ టెన్స్ అయిపోతుంది. అప్పటినుంచి మేమిద్దరం స్నేహితులుగా ఉన్నాం, అప్పటినుంచి నేను మళ్లీ పర్సు పారేసుకోలేదు. ఇది ప్రెజెంట్ పర్ఫెక్ట్. జరిగి అయిపోయినదానికి మొదటిది, జరిగి ఇంకా మనల్ని వదలనిదానికి రెండోది. మనిషికి ఈ రెండూ వస్తే చాలు, ప్రమోషన్ వస్తుంది. ఆ బీచిలో నా శిష్యులు పారేసుకున్న పర్సులు నిజంగా పోయి ఉంటే ఈపాటికి అక్కడ చేపలకి చోటుండేది కాదు.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమంటారు. నేను ఒక్క అబద్ధంతో వందల ప్రమోషన్లు చేయించాను. ఎవరిది గొప్ప?

మేంగ్ తేసొప్ నా దగ్గరికి వసంతంలో వచ్చాడు. పంపుల వాల్వులు చేసే కంపెనీలో సెక్షన్ హెడ్. యాభై ఏళ్లకి ఒక్కటే తక్కువ. అప్పటికే పరీక్ష మూడుసార్లు తప్పాడు. నవంబరు లోపల గట్టెక్కకపోతే డిప్యూటీ మేనేజరు కుర్చీ యోమ్ అనే అతనికి వెళ్లిపోతుంది. యోమ్ ఇతని చేతికింద పని నేర్చుకున్నవాడు. మా దగ్గర నిన్నటి శిష్యుడు ఇవాళ నెత్తిమీదికెక్కి కూచుంటే, గురువుగారు తనంతట తానే రాజీనామా ఇచ్చుకోవాలి. పొమ్మని ఎవరూ నోరు తెరిచి అనరు. మధ్యాహ్నం భోజనానికి పిలవడం మానేస్తారు, అంతే.

మొదటి రోజే పేచీ పెట్టాడు.

"మేంగ్ గారూ, మీరు ఎవరితో ఉంటారు?" అని అడిగాను.

"మా అమ్మ, మా ఆవిడ, ఇద్దరమ్మాయిలు, కుక్క."

"కాదు. మీరు ఒంటరిగా ఉంటారు."

"లేదు టీచర్ గారూ. నేను బయల్దేరేటప్పుడు కూడా అందరూ ఉన్నారు."

క్లాసంతా గొల్లుమంది.

"మీ ఇంటికొచ్చి ఎవరూ తలకాయలు లెక్కపెట్టరు గానీ, అలోన్ అనండి."

"అనొచ్చండీ. అబద్ధం కదా అని."

నాకు ఒళ్లు మండింది. "సరే, మీ నిజమే చెప్పండి చూద్దాం. పోయిన వేసవిలో సముద్రానికి వెళ్లారా?"

"వెళ్లాం."

"ఏం జరిగిందో ఇంగ్లీషులో చెప్పండి."

చెప్పడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు సగం, చేతులు సగం. వాళ్లమ్మ అల మీద పడగానే పకపకా నవ్వింది. నవ్వుతుంటే కట్టుడు పళ్లు సముద్రంలో పడ్డాయి. పెద్దమ్మాయి అప్పటికే అలిగి కారెక్కి కూచుని ఉంది. చిన్నది కుక్క కోసం వెతుకుతోంది. వాళ్లావిడ పళ్ల కోసం నీళ్లలోకి దిగేలోపల, పళ్లు లేవన్న సంగతి మరిచిపోయి పెద్దావిడ పచ్చి చేప ముక్కలు తెమ్మని చెప్పేసింది. దీన్ని ఇంగ్లీషులో పెట్టాలంటే ముసలావిడకి ఒక టెన్స్, కుక్కకి ఒకటి, కారులో ఉన్న పిల్లకి ఇంకొకటి. మేంగ్ "మై మదర్స్ టీత్" దగ్గర మునిగాడు, మళ్లీ పైకి తేలలేదు. జవాబుకిచ్చే టైము అయిపోయింది.

"చూశారా," అన్నాను. "సంసారానికి ఆరు టెన్సులు కావాలి. ఒంటరివాడికి రెండు చాలు. నవంబరులోపల మీ వల్ల ఎన్నవుతాయో మీరే చెప్పండి."

అతను కాసేపు తల గోక్కున్నాడు. ఎవరైనా వింటున్నారేమోనని తలుపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత చిన్న గొంతుతో "ఐ లివ్ అలోన్" అన్నాడు.

ఇల్లలకగానే పండగ కాదు. వేసవి దాకా అతని నోట మాట పెగల్చడం నా తాతలు దిగొచ్చినా అయ్యేలా కనిపించలేదు. అలాంటిది వానలు మొదలయ్యేసరికి ఏదో మారింది. ఒకరోజు పక్కసీటు బాంగ్‌తో జంటగా కూచోబెట్టి, ఒకరినొకరు ప్రశ్నలు అడగమన్నాను. ఎన్నాళ్లుగా ఒంటరిగా ఉంటున్నారని బాంగ్ అడిగాడు. పదేళ్లుగా అన్నాడు మేంగ్. అంతవరకు నేను రాసిచ్చిందే. అక్కడ ఆగాలి. ఆగలేదు.

"పదేళ్లుగా నా స్నానాలగది తలుపు ఎవరూ కొట్టలేదు," అన్నాడు ఇంగ్లీషులో.

నేను మార్కరు పక్కన పెట్టాను.

"నిన్న నూడుల్స్ వండుకున్నాను. గిన్నెలోంచే తిన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత లైటు తీసేసి కూచున్నాను. ఎందుకు తీశావని ఎవరూ అడగలేదు."

అన్నీ నిఖార్సైన పాస్ట్ టెన్సులు. ఒక్క క్రియకీ చివరి తోక ఊడిపోలేదు. పెళ్లైన మగవాళ్లంతా నోళ్లు వెళ్లబెట్టుకుని విన్నారు.

"గిన్నెలోంచేనా?" అని బాంగ్ ఆశగా మా భాషలోనే అడిగాడు.

అప్పటినుంచి మేంగ్‌ని పట్టుకోలేకపోయాం. ఆ ఒంటరివాడికి రోజుకో వస్తువు కొనిపెట్టేవాడు. ఒకరోజు పసుప్పచ్చ సోఫా. ఒకరోజు కిటికీ దగ్గర చిన్న బల్ల. సోఫా మీద వేరేవాళ్లెవరూ ఎప్పుడూ కూచోలేదట, ఇది ప్రెజెంట్ పర్ఫెక్ట్. సొంత భాషలో బస్సు డ్రైవరుతో కూడా మాట్లాడి ఎరగని మనిషి, లేని ఇంటి గురించి ఇంగ్లీషులో దంచి కొడుతున్నాడు.

నాకు నవ్వొచ్చేది, లోపల ఎక్కడో గుర్రుగానూ ఉండేది. ఆ గదిలో నిజంగా ఒంటరిగా ఉండేదాన్ని నేనొక్కదాన్నే. మా ఆయన పోయి చాలా ఏళ్లైంది. గిన్నెలోంచి తినడంలో మజా మూడురోజులకి తీరిపోతుంది, ఆ గిన్నె తోముకునేది కూడా మనమేనని నాలుగోరోజుకి తెలుస్తుంది. ఈ మాట అతనికి చెప్పాలనిపించింది. కానీ తప్పుల్లేకుండా సాగిపోతున్న వాక్యానికి ఏ టీచరైనా అడ్డుపడుతుందా? నేనూ పడలేదు.

పెర్సిమన్ పళ్లు చెట్లమీద ఎర్రబడే రోజుల్లో ఒకావిడ బుట్టనిండా పళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. పొద్దుటి బ్యాచి వెళ్లిపోయింది, నేను బోర్డు తుడుస్తున్నాను.

"ప్యో టీచర్ గారూ, నేను దాహే వాళ్లమ్మని. మేంగ్ తేసొప్ గారి ఇంటావిణ్ని. మిసన్ అంటారు."

కూచోమన్నాను. కూచోలేదు.

"మావారు రోజూ స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకుని మాట్లాడతారు. ఎవరితోనో అనుకున్నా. ఫోన్లో అనువాదం చేసేది ఉంటుంది కదండీ, దాన్ని తలుపుకి ఆనించి పెట్టా. అందులోంచి ఒక ఆడగొంతు శుభ్రంగా మన భాషలో చెప్పింది. నేను పదేళ్లుగా ఒంటరిగా ఉంటున్నాను, చాలా ప్రశాంతంగా ఉంది, అని. అప్పుడు నా రెండో చేతిలో అత్తగారి గంజిగిన్నె ఉంది."

"అది పరీక్ష కోసం చెప్పేదమ్మా. నేను రాసిచ్చిందే. అందరూ అదే చెబుతారు."

"ప్రశాంతంగా ఉందని కూడా మీరే రాశారా?"

నేను రాయలేదు. "అలాంటిదే ఏదో రాశాను," అన్నాను.

"మా గ్యాంగ్‌సాంగ్ వైపు మగాళ్లు ఇంటికొచ్చి మూడే మాటలు మాట్లాడతారని అందరూ నవ్వుకుంటారు కదా. పిల్లలేరీ. అన్నం పెట్టు. పడుకుందాం. మా ఇంట్లో అది జోకు కాదు. పెళ్లైన కాణ్నుంచీ అవే. ఈమధ్య మూడోది కూడా మానేశారు." ఆవిడ బుట్టని బల్ల మీద పెట్టింది. "ఆ కంప్యూటర్ పిల్లకి మాత్రం నిన్నేం తిన్నారో చెబుతారు, ఏ పాట విన్నారో చెబుతారు, ఏడుపొచ్చిందని కూడా చెబుతారు. నాకైతే ఆయనకి ఏడుపొస్తుందనే తెలీదు."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? కుటుంబాన్ని తెచ్చి పెట్టానంటే పరీక్ష తప్పుతారు. యోమ్ గారు కుర్చీ ఎక్కుతారు."

"తప్పించమని నేనన్నానా. ఆ కుర్చీ మాకు కావాలి. దాహేకి ఇంకా కాలేజీ ఉంది. నన్ను కూడా అందులో ఎక్కడో ఒకచోట ఇరికించండి, చాలు. పక్కింటావిడగానైనా సరే."

ఇన్నేళ్లలో ఇలాంటి దరఖాస్తు నాకెప్పుడూ రాలేదు. పక్కింటివాళ్లు ఉన్నారంటే వాళ్లతో పడ్డ గొడవ గురించి చెప్పమంటుంది ఆ పిల్ల, అని వివరించాను.

మిసన్ అక్కడా వదల్లేదు. "ఆ బీచి కథలో పర్సు తెచ్చిచ్చేది ఎవరు?"

"ఎవరో దారినపోయే మనిషి."

"మావారి పర్సు నేనెన్నిసార్లు వెతికిచ్చానో మీకు తెలుసా? ఒకసారి కిమ్చీ పచ్చడి పెట్టే ఫ్రిజ్‌లో దొరికింది. ఆ దారినపోయే మనిషిని నేనే. రాసుకోండి."

మేంగ్ కథలో మగమనిషిని కొట్టేసి ఆడమనిషిని పెట్టాను. పెర్సిమన్లు తియ్యగా ఉన్నాయి, కాదనకూడదు.

మర్నాడు పొద్దున్న మేంగ్ కాగితం చూసుకుని కంగారుపడ్డాడు. "ఈవిడెవరండీ?"

"మీ పర్సు తెచ్చిచ్చినావిడ."

"ఇచ్చి వెళ్లిపోతుంది కదా? నాతో ఉండదు కదా?"

"ఉండదు. వెళ్లిపోతుంది."

"అయితే పరవాలేదు," అని కుదుటపడ్డాడు.

పరీక్ష అయింది. కావలసినదానికంటే ఒక మెట్టు పైనే వచ్చింది. కింద హోటల్లో బ్యాచికంతా సూప్ పెట్టించాడు. ఎముకలు చీకుతూ అందరూ మళ్లీ సంసారులైపోయి, ఒకరి ఇంటి గోల ఒకరికి చెప్పుకున్నారు. మేంగ్ మాత్రం ఏమీ మాట్లాడలేదు. మా భాషలో కదా మరి.

ఇంక కుర్చీ మీద తువ్వాలు వేసేసినట్టే అనుకున్నాం. కంపెనీలో చివరిగా డైరెక్టరుగారితో ఒక ఇంటర్వ్యూ ఉంది, ఇంగ్లీషులో. డైరెక్టరుగారు పై దేశాల్లో చదువుకొచ్చిన మనిషి, కొత్తగా చేరాడు, కింది వాళ్ల ఇళ్ల సంగతులు ఏమీ తెలియవు. "మీ గురించి చెప్పండి," అన్నాడట.

ఆ ఒక్క ప్రశ్నా అడక్కుండా ఉంటే ఎంత బాగుండేది. మేంగ్ నోరు తెరిచాడు, కొళాయి విప్పినట్టు వచ్చేసింది. ఒంటరిగా ఉంటాను. పదేళ్లుగా ఒంటరిగా ఉంటున్నాను. సముద్రానికి వెళ్లాను, పర్సు పోయింది, దయగల ఒకావిడ తెచ్చిచ్చింది, అప్పటినుంచి స్నేహితులుగా ఉన్నాం. ఉద్యోగం లేదని మాత్రం చెప్పలేదట. ఆపాటి తెలివి ఉంది.

డైరెక్టరుగారు తెగ మురిసిపోయాడు. హంగేరీలో కొత్త ప్లాంటు పెడుతున్నారు. అక్కడికి ఒక డిప్యూటీ మేనేజరు కావాలి, నాలుగేళ్లు కదలకుండా ఉండాలి. పెళ్లాం పిల్లలు ఉన్నవాళ్లని పంపిస్తే ఆరునెలలకి తిరిగొచ్చేస్తున్నారు. ఇలా వెనకా ముందూ ఎవరూ లేనివాడు దొరకడం కంపెనీ అదృష్టం అన్నాడు. కావాలంటే ఆ దయగల స్నేహితురాలిని సెలవుల్లో రప్పించుకోమని కూడా అన్నాడట. పక్కనే కూచున్న పర్సనెల్ సెక్షన్ బిన్ తలాడించాడు. ఎందుకు ఆడించడు? అతనూ నా శిష్యుడే. అతనూ అదే పర్సు పారేసుకుని ఆ సీట్లోకి వచ్చాడు. ఇంగ్లీషు ఇంటర్వ్యూ అంటే అందరూ చెప్పేదే కదా అనుకున్నాడు.

ఈ సంగతంతా మేంగ్ నాకు శుక్రవారం క్లాసు అయ్యాక నసుగుతూ చెప్పాడు. హంగేరీకి ఒప్పుకుంటే కుర్చీ. కాదంటే కుర్చీ యోమ్‌ది. శనివారం పొద్దున్న జవాబు చెప్పాలి. అడకత్తెరలో పోకచెక్కలా అయింది అతని పని.

"కుటుంబం ఉందని బిన్‌కి తెలుసు కదా. అతనేమీ అనలేదా?" అని అడిగాను.

"బయటికొచ్చాక అడిగాడండీ. సార్, ఇంట్లోవాళ్లు ఏమీ అనుకోరా, అని."

"మీరేమన్నారు?"

"ఊఁ అన్నాను."

"ఆ ఊఁ ఎవరు రాసిచ్చారు? నేనైతే రాయలేదు."

మేంగ్ నేల చూపులు చూశాడు. ఇంట్లో చెప్పారా అంటే సంచీ జిప్పు లాగుతూ కూచున్నాడు. అతని మొహం చూస్తే నాకు ఒకటి అర్థమైంది. కుర్చీ కోసం కాదు, ఇతనికి ఆ పసుప్పచ్చ సోఫా కావాలి. దాన్ని నేనే కొనిపెట్టానేమో అనిపించింది గానీ, కాదు. నేను పర్సు వరకే ఇచ్చాను. సోఫా అతనే కొనుక్కున్నాడు.

మేంగ్ చెప్పకపోతే ఆగుతుందా. ఆ సాయంత్రం బజార్లో యోమ్ వాళ్లావిడ మిసన్‌ని పట్టుకుని, "అదృష్టవంతులు వదినా, మీవారు నాలుగేళ్లు హంగేరీ వెళ్తున్నారటగా," అందట. అభినందనలు చెప్పడంలో ఆవిడ ఎప్పుడూ ముందుంటుంది.

శనివారం క్లాసు అయింది. అందరూ సంచులు సర్దుకుంటున్నారు. మిసన్ లోపలికొచ్చి, మేంగ్ తప్ప అందరూ బయటికి వెళ్లేదాకా ఆగి, తలుపు మూసింది. చేతిలో బుట్ట లేదు.

"టీచర్ గారూ, ఈయన్ని ఒక మాట అడగాలి. మీరడగండి."

"పక్కనే ఉన్నారుగా. మీరే అడగొచ్చుగా."

"అడిగాను. ఊఁ అన్నారు. మళ్లీ అడిగాను. మళ్లీ ఊఁ అన్నారు. ఇంగ్లీషులో అడగండి. ఇంగ్లీషులో అయితే ఈయన మాట్లాడతారు."

ఫ్యాక్టరీకి వచ్చే జర్మన్లకి దుబాసీగా వెళ్లాను, అమెరికావాళ్లకి వెళ్లాను. ఒకే ఊళ్లో పుట్టి, ఒకే మంచం మీద పడుకుని, ఒకే భాష మాట్లాడే మొగుడూ పెళ్లాలకి దుబాసీతనం చెయ్యడం అదే మొదలు. బల్లకి అటు ఒకరు, ఇటు ఒకరు కూచున్నారు. నేను మధ్యలో.

"హంగేరీ వెళ్లాలని ఉందా అని అడగండి," అంది మిసన్.

అడిగాను. మేంగ్ బల్ల వైపు చూస్తూ ఇంగ్లీషులో జవాబు చెప్పాడు.

"ఉంది అంటున్నారు," అన్నాను.

"ఎందుకట?"

ఈసారి జవాబు పొడుగ్గా వచ్చింది. తడుముకోలేదు. నేను విని, ఆవిడకి చెప్పాను. "తను జీవితంలో ఒక్కరోజు కూడా ఒంటరిగా లేనంటున్నారు. చిన్నప్పుడు అన్నలతో కలిసి ఒకే గదిలో పడుకున్నాను, తర్వాత సైన్యంలో బ్యారక్స్‌లో ఉన్నాను, ఆ తర్వాత మీ అందరితో ఉన్నాను, అంటున్నారు."

"మేమేమన్నా చేశామా? మా మీద కోపమా?"

అడిగాను. మేంగ్ తల అడ్డంగా ఊపాడు. "ఐ హావ్ బీన్ టైర్డ్" అన్నాడు.

ఈ వాక్యం నా సిలబస్‌లో లేదు. పార్కులో తిరిగే ఒంటరివాడు ఎందుకు అలిసిపోతాడు? ఇది అతను సొంతంగా కట్టుకున్న వాక్యం, అందులో ఒక్క తప్పు లేదు. టీచరుగా నాకు గర్వంగా ఉండాలి. లేదు.

"అలిసిపోయి ఉన్నాను అంటున్నారు," అన్నాను.

కిటికీలోంచి కింద హోటలు వాసన వస్తోంది, ఎముకలు ఉడుకుతున్నాయి. మిసన్ నావైపు తిరిగింది. "నేనూ అలిసిపోయాను అనాలంటే ఏమనాలి?"

చెప్పాను. పెదాలతో రెండుసార్లు లోపల్లోపల అనుకుంది. మొగుడి వైపు తిరిగి ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. "ఐ. హావ్. బీన్. టైర్డ్. టూ."

ఉచ్చారణ ఘోరంగా ఉంది. మేంగ్ తలెత్తాడు. పెళ్లాం మొహం చూశాడు, వచ్చినప్పటినుంచి మొదటిసారి.

"ఎప్పట్నించి?" అన్నాడు.

నేను అలవాటుగా అనువాదం చెయ్యబోయి ఆగిపోయాను. అతను మా భాషలోనే అడిగాడు.

"ఎప్పట్నించా," అంది మిసన్. "మీ అమ్మగారు మనింటికొచ్చిన చలికాలం నించి. ఆవిణ్ని అననులెండి, పెద్దదైపోయింది. పొద్దున్నే లేపి, పళ్లు కడిగి పెట్టి, స్కూలు వంటింటికి పనికి పోయి, వచ్చి మళ్లీ గంజి కాచి. ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ నిలబడే నిద్రపోయా. వేలు తెగింది. మీరు చూశారు కూడా."

"ఊఁ," అన్నాడు మేంగ్. వెంటనే, "చూశాను," అన్నాడు.

"మా నాన్న పోయినప్పుడు మూడోరోజే వచ్చేశా. మా అన్నయ్యలు ఏమనుకుంటారోనని కూడా చూసుకోలేదు. ఆదివారం మీకు మొదటి పరీక్ష ఉందని, ఇంట్లో మీకు సాయంగా ఎవరూ లేరని. అదీ తప్పారు."

"నువ్వు ఇంకో రెండురోజులు ఉంటానని నాతో అనలేదు."

"అన్నాను. ఊఁ అన్నారు. ఆ ఊఁకి ఏమర్థం చెప్పుకోమంటారు? ఉండమనా, వచ్చెయ్యమనా?"

వాళ్లిద్దరి మధ్య నేనెందుకు కూచున్నానో నాకే తెలియలేదు. కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. అప్పుడే మేంగ్ ఫోను మోగింది. బిన్. ఆ గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది, అవతలి గొంతు మాకూ వినిపించింది.

"సార్, డైరెక్టరుగారు జాబితా అడుగుతున్నారు. హంగేరీకి మీ పేరు రాసెయ్యనా?"

"బిన్ గారూ, నాకు కుటుంబం ఉంది."

"తెలుసు సార్. ఫ్యామిలీ అలవెన్సు వేసేది నేనేగా."

"ఇంటర్వ్యూలో ఒంటరిగా ఉంటానని చెప్పాను."

"అది ప్యో టీచర్ గారిది కదా సార్. నాదీ అదే. ఇప్పుడు పై వాళ్లకి ఏమని చెప్పమంటారు?"

మేంగ్ పెళ్లాం చేతి వేలి వైపు చూశాడు. చూపుడువేలు మీద తెల్లటి గీత ఉంది.

"అబద్ధం చెప్పానని చెప్పండి."

"అలాగంటే ఇంగ్లీషు మార్కులు కూడా అనుమానిస్తారు సార్. కుర్చీ యోమ్ గారికి వెళ్లిపోతుంది. సోమవారం నుంచే."

"వెళ్లనీండి."

మేంగ్ ఫోను పెట్టేశాడు. సోమవారం పొద్దున్న యోమ్‌కి వంగి నమస్కారం పెట్టాలి. మధ్యాహ్నం భోజనానికి ఎవరు పిలుస్తారో చూడాలి. ఆ సంగతి నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

"పోయిందా?" అంది మిసన్.

"పోయింది."

బయట తొమ్మిదిగంటల బ్యాచి వచ్చి తలుపు కొడుతోంది, ఇంకో గదినిండా ఒంటరివాళ్లు. నేను లేచి తలుపు కొంచెం తెరిచి, ఇవాళ క్లాసు లేదు, ఇళ్లకి పొండి అన్నాను. ఎప్పుడూ లేనిది అలా అనేసరికి వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు, ఎవరూ కదల్లేదు. తలుపు మళ్లీ వేశాను.

మేంగ్ కోటు తీసుకుని లేచి నిలబడ్డాడు. విషయం తేలిపోయింది కదా, ఇంక ఇంటికి పోదాం అన్నట్టు గుమ్మం వైపు నడిచాడు.

"ఎక్కడికి?" అంది మిసన్. "కూచోండి. నేనింకా సగం కూడా చెప్పలేదు."

మేంగ్ కోటు బల్ల మీద పెట్టి కూచున్నాడు.